అడవి దారిలో పాము

ఓరుగల్లు సీమకు అడవి పొరుగిల్లు. కాకతీయుల కాలమున వెలసిన పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల పరిసరములలో టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు అల్లుకొనిన వనభూములు నేటికిని ఉన్నవి. పాకాల, ఏటూరునాగారము అభయారణ్యములు ఒక్కొక్కటియు 800 చదరపు కిలోమీటర్లకు మించినవి. 2016లో పాత వరంగల్లు జిల్లా పలు జిల్లాలుగ విడివడినది గాని, అడవికి ఆ సరిహద్దులు తెలియవు. ఎండకాలపు తొలిదినములలో ఇప్పపూవు ఏరుటకు, ఎండలు ముదిరిన పిమ్మట తునికాకు కోయుటకు, ఏడాది పొడుగునను పశువులను మేపుటకు ఊరూరి జనులు ఈ దారులలో నడచుచునే ఉందురు. రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ సమ్మక్క సారలమ్మల జాతరకై మేడారమునకు లక్షలాది భక్తులు తరలివత్తురు. బొగత జలపాతమును, పాండవుల గుట్టను చూడవచ్చు విహారయాత్రికులును ఇటీవల పెరిగినారు. వీరందరికిని ఉమ్మడిగ ఉన్న భయ మొకటి కలదు. అది పాము.

పాము విషయమున మన ఇండ్లలో రెండు మర్యాదలు ఉన్నవి. శ్రావణమున నాగుల పంచమినాడు పుట్టకు పాలు పోసి మ్రొక్కుదుము. మరునాడు అదే పాము దొడ్డిలో కనబడినచో కర్ర తీసికొని వెంటాడుదుము. రామప్ప గుడిలో నల్లరాతి నాగిని శిల్పమును చూచి మురిసెదము, గుడి వెలుపలి గడ్డిలో ఏదైన కదలినచో ఉలికిపడెదము. మ్రొక్కుకును కర్రకును నడుమ మూడవ మార్గ మొకటి ఉన్నది. అది ఆ ప్రాణి స్వభావమును తెలిసికొని మసలుకొనుట. అడవిలో నడచువాని ప్రాణమును కాపాడునది ఈ మూడవ మార్గమే.

ఇది చిన్న విషయము కాదు. 2005వ సంవత్సరమునకు సంబంధించి శాస్త్రజ్ఞులు దేశవ్యాప్తముగ ఇంటింటి మరణముల వివరములను పరిశీలించి, పాముకాటు వలన ఆ ఏడు సుమారు 45,900 మంది చనిపోయిరని 2011లో ప్రకటించిరి. అందులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 6,200. ఉత్తరప్రదేశ్ తరువాత రెండవ స్థానము మనదే. మృతులలో నూటికి తొంబది యేడుగురు పల్లెవాసులు. అన్నిటికంటె ఆలోచింపదగిన అంకె మరియొకటి ఉన్నది: చనిపోయినవారిలో ఆసుపత్రిలో కన్నుమూసినవారు నూటికి ఇరువదిముగ్గురే. తక్కినవారు ఇంటివద్దనో, దారిలోనో, మంత్రగాని వాకిటనో ప్రాణము విడిచినారు. 2020లో వెలువడిన మరియొక పరిశోధన 2000 నుండి 2019 వరకు దేశములో ఏటేట సగటున 58,000 మంది ఇట్లు మరణించిరని లెక్కకట్టినది. అందులో సగము మరణములు జూను నుండి సెప్టెంబరు వరకు గల వానకాలపు నెలలలోనివే.

పాములన్నియు విషజంతువులు కావు. జెర్రిపోతు, నీటిపాము, కొండచిలువ మొదలగు వానిలో మనుష్యునకు ప్రాణహాని చేయు విషము లేదు. మన ప్రాంతమున అధికముగ ప్రాణములు తీయునవి నాలుగు జాతులు. వానిని గుర్తెరుగుట మొదటి పని.

మొదటిది నాగుపాము. పడగను, పడగవెనుక కండ్లజోడు వంటి గుర్తును ఎరుగనివారు లేరు. దీని విషము నరములపై పనిచేయును, కరచినచోట వాపును, మాంసము కుళ్ళుటయు కలుగును. అయినను దీనిలో ఒక మేలు గుణ మున్నది. లేచి పడగవిప్పి, బుసకొట్టి, ముందుగ హెచ్చరించును. ఆ హెచ్చరికను మన్నించి నిలిచినవానిని వెంటాడి కరచుట దాని స్వభావము కాదు.

రెండవది కట్లపాము. నీలిఛాయ గల నల్లని మేను, దానిపై సన్నని తెల్లని కట్లు. పగలు ఎచ్చటనో ముడుచుకొని పడియుండి రాత్రివేళ తిరుగును. నేలమీద పరుండినవారిని నిద్రలోనే కరచును. దీని కాటు దోమకాటు వలె ఉండును. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు సైతము కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచినవాడు, కొంతసేపటికి కనురెప్పలు వాలి, మాట ముద్దయై, మ్రింగలేక, ఊపిరి తీయలేక పోవును. కడుపునొప్పియే కదా అని వాము నమిలి పడుకొన్నవారు ఎందరో మరల లేవలేదు. వానకాలమున నేలమీద నిద్రించినవానికి తెల్లవారున కారణము లేని కడుపునొప్పియు రెప్పలవాలుటయు కనబడినచో, పామును ఎవరును చూడకపోయినను, అది పాముకాటే అయి ఉండవచ్చునని అనుమానింపవలెను.

మూడవది రక్తపింజర. బలిసిన దేహము, ముక్కోణపు తల, గోధుమవన్నె మేనిపై గొలుసువలె మూడు వరుసల అండాకారపు మచ్చలు. దీనికి పాత తెలుగు పేరొకటి కలదు: కాటుక రేకుల పొడ. విశాఖపట్టణమున తూర్పు ఇండియా కంపెనీ కొలువులో ఉండిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు ఈ తీరపు పాములను సేకరించి, 1796లో వాని బొమ్మలతో గొప్ప గ్రంథమును ప్రకటించినాడు. మన జనులు చెప్పిన తెలుగు పేర్లనే అందులో వ్రాసికొన్నాడు. నేడు ప్రపంచమంతయు రక్తపింజరను రస్సెల్ పేరుతోనే పిలుచుచున్నది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన బంగారస్ అను పేరు మన ‘బంగారు’ అను మాటనుండి పుట్టినదే. రక్తపింజర ఎండుటాకులలో పడియున్నచో చూపరికి ఆకును పామును వేరుచేయుట కష్టము. అది పారిపోదు, కదలక పడియుండును. కాలు దగ్గరకు వచ్చినప్పుడు కుక్కరు ఆవిరి వంటి పెద్ద బుస విడుచును. దాని విషము రక్తము గడ్డకట్టు గుణమును చెరచును. చిగుళ్ళనుండియు, మూత్రమునందును రక్తము పడును. మూత్రపిండములు చెడును.

నాలుగవది చిన్న పింజర. రెండడుగులకు మించని ఈ పాము ఎండిన రాతినేలలలోను, గుట్టల మీదను రాళ్ళక్రింద ఉండును. తలపై పక్షిపాదము వంటి తెల్లని గుర్తు కలదు. బెదరినప్పుడు చుట్టలు చుట్టుకొని, రంపపు పండ్లవంటి పొలుసులను ఒకదానితో నొకటి రాచి చరచర ధ్వని చేయును. చిన్నది కదా అని చిన్నచూపు చూడరాదు. దీని విషమును రక్తమునే చెరచును.

ఇక కాటు ఎట్లు పడును? పాము మనుష్యుని ఆహారముగ కోరదు. దాని విషము ఎలుకను, కప్పను, బల్లిని పట్టుకొనుటకు ప్రకృతి ఇచ్చిన సాధనము. మనవంటి పెద్దజంతువుపై దానిని వ్యర్థపరచుట పామునకు నష్టమే. కనుక తప్పించుకొన వీలున్నంతవరకు తప్పించుకొనును. త్రొక్కినప్పుడో, చేయి మీద పడినప్పుడో, పట్టుకొనబోయినప్పుడో, కొట్టబోయినప్పుడో కరచును. పాములకు బయటి చెవులు లేవు, కాని నేల అదురును దవడ ఎముకలద్వారా చక్కగ గ్రహించును. నాగస్వరమునకు నాగుపాము ఆడునని మనము అనుకొందుము. నిజమునకు అది పాములవాని బుర్ర కదలికను చూచి తానును కదలును. పాము పగపట్టుననుటకును ఆధారము లేదు. పగపట్టుటకు కావలసిన జ్ఞాపకము, మనుష్యుని ముఖమును గుర్తించు శక్తి దానికి లేవు.

ఈ స్వభావము తెలిసినచో జాగ్రత్తలు వాటంతట అవే తోచును. అడవి దారిలో నడచునప్పుడు చీలమండలు దాటు బూట్లు, మందపు పంట్లాము ధరింపవలెను. అది లేనివారు దిట్టమైన చెప్పులైన తొడుగవలెను. కాట్లలో అధికభాగము పాదములపైనను, పిక్కలపైనను పడును. చేత పొడుగుకర్ర ఉండవలెను. అది పామును కొట్టుటకు కాదు, ముందున్న గడ్డిని తట్టుటకు. అడుగులు బరువుగ వేయవలెను. ఆ అదురునకు నాగుపాము, జెర్రిపోతు తొలగిపోవును. పింజరలు మాత్రము తొలగవు గనుక, శబ్దముపై పూర్తిగ ఆధారపడక, అడుగు పెట్టుచోటును కంటితో చూడవలెను. దారికి అడ్డముగ పడిన మొద్దును ఒక్క అంగలో దాటరాదు. ఆవలి వైపున పాము పడుకొని ఉండవచ్చును. మొద్దు మీద నిలిచి, ఆవల చూచి, అటుపిమ్మట దిగవలెను.

పాండవుల గుట్ట వంటి రాతిచోట్ల ఎక్కువారు, కంటికి కనబడని రాతిసందులో చేయి పెట్టరాదు. తునికాకు కోయువారు పొదలోనికి చేయి చొప్పించుటకు ముందు కర్రతో పొదను కదపవలెను. ఇప్పపూవు ఏరువారు మసక చీకటిలో బయలుదేరుదురు. చెట్టుక్రింది ఎండుటాకులను కర్రతో ముందుగ ఊడ్చిన పిమ్మటనే వంగవలెను. చీకటి పడిన తరువాత నాలుగడుగులు వేయవలసినను బ్యాటరీ దీపము లేక కదలరాదు. జాతర దారిలో చెట్లక్రింద విడిది చేయువారు పుట్టలకు, రాళ్ళకుప్పలకు, కట్టెలమోపులకు దూరముగ గుడారము వేయవలెను. నేలమీద పరుండక మంచముపై పరుండుట మేలు. మంచము లేనిచో దోమతెరను పరుపు క్రిందికి నలువైపుల మడచి దోపి పరుండవలెను. తెల్లవారి బూట్లు తొడుగుకొనుటకు ముందు వానిని తలక్రిందులుగ దులపవలెను. మిగిలిన అన్నమును చుట్టుప్రక్కల పారవేయరాదు. అన్నమునకు ఎలుక వచ్చును, ఎలుకకొరకు పాము వచ్చును.

పాము ఎదురైనచో రెండు మూడు నిలువుల దూరము వెనుకకు జరిగి నిలువవలెను. దానికి దారి ఇచ్చినచో అదియే పోవును. పామును పట్టుటయు, చంపుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. చట్టమునకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, పామును కొట్టబోయి కాటు తినినవారు అనేకులు. సెల్‌ఫోనుతో దగ్గరనుండి బొమ్మ తీయబోవుటయు అట్టి సాహసమే.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కాటు పడవచ్చును. ఒక ఉదాహరణమును ఊహించుకొందము. ఏటూరునాగారపు అడవిలో తునికాకు కోయుచున్న ఒక తల్లికి ఉదయము ఆరు గంటలకు పాదముపై రక్తపింజర కరచినది. ఆమె కూలి ఆనాటి ఆకుకట్టల లెక్కపై ఆధారపడియున్నది. పని మధ్యలో విడిచిన రోజుకూలి పోవును. ‘కొంచెము చూచి పోదము’ అని కూర్చుండినది. కాలు వాచినది. తోటివారు త్రాడుతో పిక్కను బిగించి కట్టిరి. ఒకరు బ్లేడుతో గాటు పెట్టిరి. పొరుగూరి మంత్రగాని వద్దకు తీసికొనిపోగా ఆయన వేరు నూరి పెట్టినాడు. మధ్యాహ్నమునకు చిగుళ్ళనుండి రక్తము కారనారంభించినది. అప్పుడు బండి కొరకు వెదకిరి. ఆసుపత్రి చేరుసరికి సాయంకాలమైనది. మందు ఆసుపత్రిలోనే ఉన్నది, పోయినవి నడిమి పండ్రెండు గంటలు. ఈ కథలో ఎవరిలోను దురుద్దేశము లేదు. అందరును ఆమెను బ్రదికింపవలెననియే తలచిరి. కాని చేసిన ప్రతిపనియు ఆమెకు హానియే చేసినది.

ఎందువలన? బిగించి కట్టిన కట్టు విషమును ఆపదు. రక్తప్రసారమును ఆపి, ఉన్నచోటనే మాంసమును చెరచును. కట్టు ఒక్కమారుగ విప్పినప్పుడు, కూడియున్న విషమంతయు ఒక్కసారిగ దేహములోనికి పోవును. గాటు పెట్టుట మరియు ప్రమాదము. పింజర విషమువలన రక్తము గడ్డకట్టదు గనుక ఆ గాటునుండి కారు రక్తమును ఆపుట దుష్కరము. నోటితో పీల్చుట వలన విషము బయటకు రాదు. మంచుగడ్డ పెట్టుట, కాల్చుట, సారా త్రాగించుట – ఇవన్నియు నిరుపయోగములు, కొన్ని హానికరములు.

మరి మంత్రమువలన బ్రదికినవారు ప్రతి ఊరిలోను కనబడుదురు కదా అని శ్రోతలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కరచినవానిలో చాల పాములు విషము లేనివి. విషసర్పము సైతము ఒక్కొక్కప్పుడు విషము దింపకయే కరచును. ఇట్టివారు ఏ చికిత్స లేకున్నను బ్రదుకుదురు. వారికి మంత్రము వేసినచో కీర్తి మంత్రమునకు వచ్చును. విషము నిజముగ దిగినవాడు చనిపోయినచో ‘ఆయువు తీరినది’ అందురు. గెలుపు మంత్రగానిది, ఓటమి విధిది అయినప్పుడు ఏ మంత్రమునకును చెడ్డపేరు రాదు. మంత్రము వేసికొనుటవలన కలుగు నష్టము మంత్రములో లేదు, అది తినివేయు కాలములో ఉన్నది.

చేయవలసినవి కొన్ని మాత్రమే ఉన్నవి. పామునకు దూరముగ జరిగి, కాటు తిన్నవారిని కూర్చుండబెట్టియో పరుండబెట్టియో ధైర్యము చెప్పవలెను. భయముతో పరుగెత్తినచో విషము త్వరగ వ్యాపించును. కాటుపడిన కాలిపైనో చేతిపైనో ఉన్న మట్టెలు, కడియములు, ఉంగరములు, గాజులు, గడియారము వెంటనే తీయవలెను. వాపు వచ్చిన పిమ్మట అవి మాంసములోనికి దిగును. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు, వెదురుబద్దలను ఆసరాగ పెట్టి, గుడ్డతో వదులుగ కట్టి, ఆ అవయవమును కదలనీయరాదు. గాయమును కడుగుటయు, రుద్దుటయు వలదు. వాంతి అగునట్లున్నచో ఎడమప్రక్కకు పరుండబెట్టవలెను. నడిపింపక మంచముపైనో డోలీలోనో మోసికొనిపోవలెను. 2005లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన 108 బండిని పిలువవలెను. అది రాలేని దారిలో, మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ రోగిని కూర్చుండబెట్టి, వెనుకనున్నవాడు పట్టుకొని, బండి దొరకుచోటికి చేర్చవలెను. కాటు పడిన వేళను, తరువాత కనబడిన లక్షణములను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను.

ఆస్ట్రేలియాలో అడవి నడక చేయువారు వెడల్పు పట్టీని కాలంతయు చుట్టి కట్టుట నేర్చుకొందురు. 1979లో స్ట్రువన్ సదర్లండ్ అను వైద్యుడు ఆ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినాడు. దానిని చదివినవారు మనకును పనికివచ్చునని తలపవచ్చును. అక్కడి ప్రమాదకర సర్పములు చాలవరకు నరములపై పనిచేయు విషము గల నాగుజాతివి, అక్కడ పింజరలు లేవు. మన పింజరల విషము కరచినచోటనే మాంసమును తినివేయును గనుక, ఆ విషమును ఒకచోట బిగించి ఉంచుట ఇచట మేలు కాకపోవచ్చును. ఒక దేశపు రక్ష మరియొక దేశమునకు అట్లే చెల్లదు.

పాముకాటునకు మందు ఒక్కటే, విషనాశని సూది. 1890వ దశకమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కాల్మెట్ దీనిని తొలుత తయారుచేసినాడు. గుర్రమునకు హానిలేనంత కొద్దికొద్దిగ విషమునెక్కించి, దాని రక్తములో పుట్టు ప్రతిపదార్థమును వేరుచేసి సిద్ధపరతురు. ఒక జాతి విషమునకు చేసిన మందు మరియొక జాతికి పనిచేయదని బ్రెజిల్ దేశపు వైటల్ బ్రెజిల్ నిరూపించినాడు. అందువలననే మన దేశమున ఈ నాలుగు పాముల విషములకును కలిపి ఒకే మందు చేయుచున్నారు. దానికి కావలసిన విషములో అధికభాగము 1978లో చెన్నపట్టణము వద్ద ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘము నుండి వచ్చినది. ఒకప్పుడు తోళ్ళకొరకు పాములను పట్టిన కులమువారే నేడు విషము తీసి, పామును మరల అడవిలో విడిచి, మనుష్యుల ప్రాణములు నిలుపుచున్నారు.

ఈ మందు నాలుగింటికిని ఉమ్మడిది గనుక, చచ్చిన పామునో బ్రదికిన పామునో ఆసుపత్రికి మోసికొనిపోనక్కరలేదు. వైద్యుడు లక్షణములనుబట్టియే నిర్ణయించును. శుభ్రమైన గాజునాళికలో కొంచెము రక్తము తీసి ఇరువది నిమిషములు కదపక ఉంచుదురు. గడ్డకట్టనిచో పింజర విషము దిగినదని తెలియును. పిల్లలకును పెద్దలకిచ్చునంత మందే ఇత్తురు. అది చూచి తల్లిదండ్రులు కంగారుపడరాదు. పాము పిల్లవానిని చూచి విషము తగ్గింపదు కదా. నరముల విషమువలన ఊపిరి నిలిచినవానికి కృత్రిమ శ్వాస నిచ్చినచో, కొన్నిదినములకు తానే ఊపిరి తీసికొనగలడు. కనుక చలనము లేదని ఆశ విడువరాదు. ఏటూరునాగారము, ములుగు ప్రభుత్వాసుపత్రులు, వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి – ఈ దారిలో ముందు దగ్గరనున్నదానికి పోవలెను. పెద్దదానికి పంపవలసినదీ లేనిదీ వైద్యుడు చెప్పును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధులలో చేర్చి, 2030 నాటికి మరణములను సగమునకు తగ్గింపవలెనని సంకల్పించినది. భారత ప్రభుత్వమును 2024 మార్చిలో ఆ ఆశయముతోనే జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ప్రణాళికలు ఢిల్లీలో వ్రాయబడును, కాటు మాత్రము అడవి దారిలో పడును. ఆకుకోతకు పోవు ఇంటివారు, జాతరకు బండికట్టు కుటుంబమువారు, గుట్టకు పోవు విద్యార్థులు బయలుదేరుటకు ముందు మూడు సంగతులు తెలిసికొనుడు: దగ్గరి ఆసుపత్రి ఏది, అచటికి దారి ఏది, పిలిచినచో వచ్చు బండి ఎవరిది. ముల్లెలో సద్ది కట్టుకొనునప్పుడే ఈ మూడును కట్టుకొన్నచో, పాము ఎదురైననాడు గడియలు వ్యర్థము కావు.